రెండో సర్వరు ఉంది సరే, దాని మీద చివరిసారి పని నడిచింది ఎప్పుడు?

సంపాదకుల వారికి,

అయ్యా,

గత నెలలో ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ధ్రువపత్రం) కోసం ఒక ప్రభుత్వ కార్యాలయం చుట్టూ మూడు రోజులు తిరిగాను. కౌంటరు అద్దానికి అతికించిన కాగితం మీద ‘సర్వర్ డౌన్’ అని స్కెచ్ పెన్నుతో రాసి ఉంది. అంచులు పసుపెక్కి, మూలల్లో పాత టేపు మీద కొత్త టేపు పడి ఉండటం చూస్తే అది ఆ వారం రాసినది కాదనీ, అవసరం పడినప్పుడల్లా సొరుగులోంచి తీసి అంటించే కాగితమనీ తెలుస్తూనే ఉంది. మూడో రోజు లోపలున్న అధికారిని అడిగితే, “రెండో సర్వరు కూడా పెట్టించారండీ, అయినా ఇంతే” అని నిట్టూర్చారు. 22 ఏళ్లుగా హైదరాబాదులోని డేటా సెంటర్లలో స్టోరేజీ, క్లస్టర్లు (ఒకటిగా కలిసి పనిచేసే సర్వర్ల జట్లు) చూసుకోవడమే నా ఉద్యోగం కావడం వల్ల ఆ మాట నన్ను ఇంటిదాకా వెంటాడింది. రెండోది ఉందా లేదా అన్నది కొనుగోలు ఫైలు చూసి ఎవరైనా చెప్పగలరు. ఆ రెండోదాని మీద చివరిసారి పని నడిపించింది ఎప్పుడు అన్నది మాత్రం దాన్ని చూసుకునేవాళ్లే చెప్పాలి. ప్రభుత్వ సేవల విషయంలో ఈ ప్రశ్నను ఎవరూ బహిరంగంగా అడగకపోవడమే ఈ లేఖకు కారణం.

వాడుకలో మనం అన్నింటినీ ‘సర్వరు’ అనేస్తాం గానీ, సర్వరు లెక్కలు చేసి జవాబు ఇచ్చే యంత్రం మాత్రమే. మన దస్తావేజులు, పేర్లు, సర్వే నంబర్లు ఉండేది దాని వెనక ఉన్న స్టోరేజీలో. రెండు సర్వర్లు పెట్టి రెండింటినీ ఒకే స్టోరేజీకి తగిలిస్తే ఒక సర్వరు చెడిపోయినప్పుడు రెండోది ఆదుకుంటుంది, స్టోరేజీయే ఆగితే రెండూ కలిసే ఆగుతాయి. టెండరు కాగితాల్లో 99.999 శాతం లభ్యత అని రాయడం తేలిక. ఆ అంకె ప్రకారం ఏడాది మొత్తంలో సేవ ఆగదగిన సమయం 5 నిమిషాల 15 సెకన్లు. 99.9 శాతమైతే 8 గంటల 45 నిమిషాలు. నేను ఈసీ కోసం తిరిగిన ఆ మూడు పనిదినాలు ఏ లెక్కలోకి వస్తాయో రాసినవారే చెప్పాలి.

స్టోరేజీలో డిస్కులను జట్టుగా కట్టే పద్ధతిని రెయిడ్ అంటాం. రెయిడ్ 5లో జట్టులో ఒక డిస్కు పోయినా డేటా నిలుస్తుంది, రెయిడ్ 6లో రెండు పోయినా నిలుస్తుంది. పోయినదాని స్థానంలో కొత్త డిస్కు పెట్టగానే మిగతావాటి నుంచి లెక్కగట్టి దాన్ని నింపడం మొదలవుతుంది. 16 టెరాబైట్ల డిస్కును సెకనుకు 200 మెగాబైట్ల చొప్పున ఎక్కడా ఆగకుండా నింపినా 22 గంటలు పడుతుంది, ఆ 22 గంటలూ మిగతా డిస్కులు అదనపు శ్రమ పడుతూనే ఉంటాయి. చాలా ఏళ్ల క్రితం నేను పనిచేసిన ఒక చోట ఎనిమిది డిస్కుల రెయిడ్ 5 జట్టులో ఒకటి పోయింది. స్క్రీన్ మీద ‘స్లాట్ 5’ అని వచ్చింది. స్లాట్ల అంకెలు సున్నా నుంచి మొదలవుతాయి, మార్చడానికి వచ్చిన కుర్రవాడు ఒకటి నుంచి లెక్కపెట్టాడు. చెడిపోయిన డిస్కు దీపం కూడా ఆరిపోయి ఉండటంతో, ఎర్రగానో నారింజరంగులోనో వెలుగుతుందని వెతికిన అతనికి గుర్తు దొరకలేదు. పక్కనే ఆకుపచ్చగా మినుకుమినుకుమంటున్న మంచి డిస్కును బయటికి లాగాడు. అంతే, మొత్తం జట్టు ఆగిపోయింది. మళ్లీ లోపలికి తోసినా లేవలేదు. బ్యాకప్ నుంచి తిరిగి ఎక్కించడానికి ఒకటిన్నర రోజు పట్టింది. ఆ కుర్రవాణ్ని తప్పుపట్టడం నాకు ఎప్పుడూ న్యాయమనిపించలేదు, ఎందుకంటే స్లాట్ల మీద అంకెల చీటీ అంటించాల్సిన పని మాదే.

మనుషుల తప్పు లేకుండా కూడా ఇవి ఒకేసారి పోవచ్చు. 2019 నవంబరులో సర్వర్లు, స్టోరేజీ తయారుచేసే హెచ్‌పీఈ సంస్థ తమ కొన్ని ఎస్ఎస్‌డీ డ్రైవ్‌ల (తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లో డేటా దాచే డిస్కుల) గురించి ఒక హెచ్చరిక ఇచ్చింది. ఫర్మ్‌వేర్‌లోని, అంటే డ్రైవ్ లోపలే ఉండి దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌లోని, లోపం వల్ల ఆ డ్రైవ్‌లు సరిగ్గా 32,768 గంటలు, అంటే 3 ఏళ్ల 270 రోజుల 8 గంటలు నడిచాక పనిచేయడం మానేస్తాయనీ, వాటిలోని డేటా కూడా తిరిగి రాదనీ దాని సారాంశం. ఒకే పెట్టెలో వచ్చి, ఒకే రోజు స్విచ్ వేసిన డ్రైవ్‌లన్నీ దాదాపు ఒకే సమయానికి కన్నుమూస్తాయన్న మాట. అప్పుడు రెయిడ్ 5 అయినా 6 అయినా చేసేదేమీ లేదు.

ఇక క్లస్టరు విషయానికొస్తే, అక్కడి అసలు భయం యంత్రం చావడం గురించి కాదు, బతికి ఉన్నదాన్ని చచ్చిందనుకోవడం గురించి. క్లస్టరులోని రెండు సర్వర్ల మధ్య, మా భాషలో నోడ్ల మధ్య, తీగ తెగితే రెండూ బాగానే ఉంటాయి, కానీ ప్రతిదీ అవతలిది పోయిందనుకుని తానే యజమానినని రాతలు మొదలుపెడుతుంది. దీన్ని మేము స్ప్లిట్ బ్రెయిన్ అంటాం. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్నది ఇక్కడ అక్షరాలా నిజం. ఒకే ప్లాటు ఒక నోడులో ఒకరి పేరనా, మరో నోడులో ఇంకొకరి పేరనా రిజిస్టరైతే ఆ చిక్కు విప్పాల్సింది ఇంజినీరు కాదు, సివిల్ కోర్టు. అందుకే మూడో సాక్షి కావాలి. శాసనసభలో కోరం లేనిదే సభ నడవనట్టే, క్లస్టరులోనూ ఎక్కువ ఓట్లు ఉన్న పక్షమే పని చేయాలి. దానికి తోడు ఫెన్సింగ్ అనే ఏర్పాటు ఉంటుంది: అనుమానం వచ్చిన నోడు కరెంటును ముందుగా కోసేసి, ఆ తర్వాతే రెండోది పగ్గాలు తీసుకుంటుంది. ఇది మాటిమాటికీ నోడ్లను రీస్టార్ట్ చేస్తోందని విసుగు పుట్టి ఆపేసిన క్లస్టర్లను నేను ఒకటికి మించే చూశాను. కుక్క మొరుగుతోందని కట్టేసి పడుకున్నట్టే అది.

ఇంత జాగ్రత్త ఉన్నవాళ్లకీ దెబ్బలు తగిలాయి. 2018 అక్టోబరు 21న, ప్రోగ్రామర్లు తమ కోడు దాచుకునే గిట్‌హబ్ సంస్థ అమెరికా తూర్పు తీరంలో నెట్‌వర్క్ పరికరం మారుస్తుండగా కేవలం 43 సెకన్లు సంబంధం తెగింది. ఆ కాస్త వ్యవధిలో వారి సాఫ్ట్‌వేర్ డేటాబేసు అధికారాన్ని పశ్చిమ తీరానికి అప్పగించింది. తూర్పున అప్పటికే నమోదైన కొన్ని రాతలు పశ్చిమానికి చేరలేదు, పశ్చిమాన కొత్తవి మొదలయ్యాయి. రెండింటినీ సరిచూసి సేవలు పూర్తిగా మామూలు స్థితికి రావడానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. వారు తొందరపడి ఒక పక్క రాతలను చెరిపేయకుండా, ఆలస్యమైనా డేటానే కాపాడుకోవాలని నిర్ణయించుకోవడం నాకు ఇప్పటికీ నచ్చే సంగతి.

మన దేశంలో ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఉంది. 2021 ఫిబ్రవరి 24న నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీలో ఉదయం 11.40కి ట్రేడింగ్ ఆగి, మధ్యాహ్నం 3.45కి గానీ మళ్లీ మొదలు కాలేదు. రెండు టెలికాం సంస్థల నుంచి వేరువేరు లింకులు ఉన్నాయి, అయినా తీగల దారి వెంబడి జరిగిన తవ్వకాలు, నిర్మాణ పనుల వల్ల లింకులు కుదురుగా లేకుండా పోయాయి. ఆ కుదుపుకు స్టోరేజీ నెట్‌వర్క్ ఊహించని విధంగా ప్రవర్తించి సర్వర్లకు అందకుండా పోవడంతో నష్టభయాన్ని లెక్కగట్టే వ్యవస్థ నిలిచిపోయింది. చెన్నైలో డీఆర్ సైటు (విపత్తు వస్తే పని నడపడానికి వేరే ఊళ్లో ఉంచే రెండో కేంద్రం) ఉండి కూడా ఆ రోజు పని అక్కడికి మారలేదు. ఉన్న రెండోదాన్ని వాడాలన్న నిర్ణయం సమయానికి జరగకపోతే అది లేనట్టే.

ఆ తర్వాత స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ చేసిన పని చెప్పుకోదగ్గది. అదే ఏడాది మార్చిలో ఇచ్చిన ఆదేశంలో, కీలక వ్యవస్థ ఆగితే 30 నిమిషాల్లోగా దాన్ని విపత్తుగా ప్రకటించాలనీ, ప్రకటించిన 45 నిమిషాల్లోగా డీఆర్ సైటు నుంచి పని మొదలుపెట్టాలనీ నిర్దేశించింది. గడియారం పెట్టి చెప్పడంతో ‘కాసేపు చూద్దాం’ అనే మా వృత్తి జబ్బుకు మందు పడింది. 2024 మార్చి 2, శనివారం నాడు ఎక్స్ఛేంజీలు ప్రత్యేకంగా మార్కెట్ తెరిచి, మొదటి సెషన్ ప్రధాన కేంద్రం నుంచి, రెండో సెషన్ డీఆర్ కేంద్రం నుంచి నిజమైన డబ్బుతో నడిపి చూపించాయి. మన శాఖలకు రెండో శనివారం సెలవు ఎలాగూ ఉంది, ఇలాంటి పరీక్షకు ఆ రోజును వాడుకోవచ్చు.

మరొక అపోహను కూడా ప్రస్తావించక తప్పదు. డీఆర్ సైటు ఉంటే బ్యాకప్ ఉన్నట్టేనని చాలామంది అధికారులు అనుకుంటారు. ఇక్కడ చెరిపేస్తే క్షణాల్లో అక్కడా చెరిగిపోయేలా చేసేదే రెప్లికేషన్. తప్పును కూడా అంతే నమ్మకంగా మోసుకెళ్తుంది. 2017 జనవరి 31న గిట్‌హబ్ లాంటి సేవలే అందించే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేసు సర్వరులోనే ఫైళ్లు చెరిపేశారు. బ్యాకప్‌కూ రెప్లికేషన్‌కూ కలిపి వారి దగ్గర ఐదు ఏర్పాట్లు ఉన్నా వాటిలో నమ్మదగినది ఒక్కటీ లేదని అప్పుడే తెలిసింది. యాదృచ్ఛికంగా ఆరు గంటల ముందు తీసి ఉంచిన ఒక స్నాప్‌షాట్ (ఆ క్షణానికి డేటా ఎలా ఉందో చూపే నకలు) వారిని బతికించింది. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని దేజన్‌లో ప్రభుత్వ డేటా సెంటరులో బ్యాటరీలు తరలిస్తుండగా మంటలు లేచి 709 ప్రభుత్వ వ్యవస్థలు ఆగిపోయాయి. ఉద్యోగులు పని ఫైళ్లు దాచుకునే 858 టెరాబైట్ల జీ-డ్రైవ్‌కు పరిమాణం పెద్దదన్న కారణంతో బయట బ్యాకప్ లేదు, అదంతా పోయింది. అందుకు భిన్నంగా, 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ మీద సైబర్ దాడి జరిగి ఐదు సర్వర్లలో సుమారు 1.3 టెరాబైట్ల డేటా తాళం పడినప్పుడు, దాడి తగలని బ్యాకప్ సర్వరు నుంచి ఈ-హాస్పిటల్ డేటాను తిరిగి తెచ్చుకోగలిగారు. దాదాపు రెండు వారాలు చేతిరాతతో ఆసుపత్రి నడిపినా, చివరికి రోగుల వివరాలు దక్కాయి.

బ్యాకప్ ‘సక్సెస్’ అని రోజూ మెయిల్ రావడం కూడా ఏమీ రుజువు చేయదు. నేను చూసిన ఒక సంస్థలో ఎనిమిది నెలలపాటు ఆ మెయిల్ ప్రతి తెల్లవారుజామున వచ్చింది. ఒక ఫైలు తిరిగి కావాల్సి వచ్చిన రోజున చూస్తే, ఎప్పుడో సర్వరు రీస్టార్ట్ అయినప్పుడు స్టోరేజీ మౌంట్ కాలేదు, అంటే సర్వరుకు తగులుకోలేదు, అప్పటి నుంచి సాఫ్ట్‌వేర్ ఒక ఖాళీ ఫోల్డరును శ్రద్ధగా భద్రపరుస్తూ వచ్చింది. ఖాళీని కాపీ చేయడంలో అది నిజంగానే సక్సెస్ అయింది. మెయిల్‌లో సైజు అనే గడి ఉంది, దాన్ని ఎవరూ చదవలేదు. నేనూ చదవలేదు.

కాబట్టి రెండు రాష్ట్రాల ప్రభుత్వాలకూ మీ పత్రిక ద్వారా నా వినతి ఇది: రిజిస్ట్రేషన్లు, భూమి రికార్డులు, రేషను, ఆసుపత్రి సేవలు చూసే ప్రతి శాఖా తన వెబ్‌సైటులోనూ, కార్యాలయం నోటీసు బోర్డు మీదా రెండు తేదీలు రాయాలి. ఒకటి, పూర్తి పనిదినాన్ని డీఆర్ కేంద్రం నుంచి నడిపిన చివరి తేదీ. రెండోది, బ్యాకప్ నుంచి డేటాను వేరే యంత్రం మీదికి ఎక్కించి, అందులోని పత్రాలు తెరిచి సరిచూసిన చివరి తేదీ. ఈ తేదీలు చెబితే భద్రతకు ముప్పు అనే వాదన నిలవదు, ఎందుకంటే తేదీలో పాస్‌వర్డు ఉండదు. కొత్తగా కొనాల్సిందీ పెద్దగా లేదు, ఉన్నదాన్ని నడిపి చూసే తీరిక, నడవకపోతే ఒప్పుకునే ధైర్యం కావాలి. మొదటిసారి నడిపినప్పుడు ఏదో ఒకటి తప్పకుండా ఆగుతుంది. ఆ పూట చివాట్లు పెట్టకుండా ఉంటేనే రెండోసారి నడపడానికి ఉద్యోగులు ముందుకొస్తారు.

నాకు ఈసీ నాలుగో రోజున వచ్చింది. కౌంటరు మీది కాగితాన్ని తీసి మళ్లీ సొరుగులో పెట్టారు. ఆ కాగితం మీద ‘సర్వర్ డౌన్’ అన్న రెండు మాటల కింద ఖాళీ చాలానే ఉంది, రెండు తేదీలు పడతాయి.

ఇట్లు,
ఒక స్టోరేజీ నిర్వాహకుడు,
హైదరాబాదు.