చలికాలంలో పులస ఎక్కడ దొరుకుతుందో చెప్పండి

సంపాదకుల వారికి,

నమస్కారం. ఈ నెల మొదట్లో మీ ఆదివారం సంచికలో రాజమహేంద్రవరం చలికాలపు రుచుల మీద రెండు పేజీల కథనం వేశారు. ఇన్నాళ్లూ రాయకపోవడానికి కారణం, ఎవరో ఒకరు రాస్తారు, మీరే సవరణ వేస్తారు అనుకోవడం. ఎవరూ రాయలేదు. మీరూ వేయలేదు. ఈలోగా ఊరికి జనం రావడం మొదలైంది.

డిసెంబరు, జనవరి నెలల్లో గోదావరి ఒడ్డుకు వచ్చి వేడివేడి పులస పులుసు తినాలని మీ విలేకరి రాశారు. ఫొటో కూడా వేశారు. అయ్యా, పులస వరదల చేప. గోదావరికి ఎర్రనీరు తగిలాక, సముద్రంలో ఉన్నప్పుడు విలస అనే ఈ చేపే గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతూ వస్తుంది. ఆ ఎదురీతలోనే దానికా రుచి వస్తుందని మా వైపు అందరూ చెబుతారు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర దాని దారి ఆగిపోతుంది. శ్రావణ భాద్రపదాలు దాటాక పులస మాట ఎత్తేవాడు ఉండడు. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న సామెతను హెడ్డింగ్ కింద అచ్చు వేశారు కదా, అంత ఖరీదు ఎందుకో ఆలోచించారా? ఏడాదిలో ఆ కొద్ది వారాలే దొరుకుతుంది కనుక. పైగా పులస పులుసు వేడివేడిగా తినరు. సన్నని సెగ మీద మట్టి దాకలో ఉడికించి, రాత్రంతా ఉంచి, మర్నాడు తింటారు. రెండు వాక్యాల్లో రెండు తప్పులు.

ఇది చిన్న విషయం కాదు. మా ఆడపడుచు, అన్నయ్యగారు పిల్లలతో హైదరాబాద్ నుంచి వచ్చారు. ఫోనులో మీ కథనం చూపించి, "వదినా, పులస తినే వెళ్తాం" అన్నారు. ఈ రోజుల్లో ఉండదని చెప్పినా, పేపర్లో వేశారు కదా అన్నారు. ఒక హోటల్‌కు వెళ్లాం. వచ్చిన ముక్క పీచులు పీచులుగా విడిపోయింది. ఐసులో నిలవున్న వాసన చింతపండు పులుసుకు కూడా లొంగలేదు. బిల్లు చూసి అన్నయ్యగారు ఏమీ మాట్లాడలేదు. వడ్డించిన కుర్రాణ్ని అడిగితే, "పేపర్లో పడ్డాక అందరూ ఇదే అడుగుతున్నారండీ, లేదంటే లేచి వెళ్లిపోతున్నారు" అన్నాడు. ఆ కుర్రాణ్ని నేనేమీ అనను. అబద్ధానికి గిరాకీ తెచ్చింది మీ కథనం.

చలికాలంలో ఇక్కడ తినడానికి ఏమీ లేకపోతే, కల్పించారులే అని సరిపెట్టుకునేదాన్ని. అసలు తిండి ఋతువే ఇది. దసరా దాటి తూర్పుగాలి మొదలవగానే యానాం వైపు చీరమేను పడుతుంది. కంటికి ఆనీ ఆనని ఆ చేపపిల్లల్ని చీరలు అడ్డుపెట్టి పడతారు, బిందెలతో, గ్లాసులతో కొలిచి అమ్ముతారు. చింతకాయతో వండుతారు, గారెలూ వేస్తారు. ఇంతకంటే అపురూపమైన చేప వంటకం చలికాలంలో మాకు లేదు. మీ కథనంలో దాని పేరే లేదు.

తేగల పేరూ లేదు. తాటి టెంకలను పాతర వేసి, మొలక దిగాక తవ్వి తీసి, కుండలకెత్తి తంపటి వేసి, కట్టలు కట్టి కోటిపల్లి బస్టాండ్ దగ్గర ఆడవాళ్లు అమ్ముతుంటారు. పైపొర ఒలిచి, నిలువునా చీల్చి, లోపలి లేత మొలకను, అదే చందమామను, ముందు పిల్లల చేతిలో పెట్టి, తర్వాత మిగతాది తింటాం. మా ఆడపడుచు పిల్లలు చందమామ కోసం కొట్టుకున్నారు. ఆ కట్టలన్నిటి ఖరీదు హోటల్లో ఒక్క ముక్కకు కూడా సరిపోదు. దాని గురించి రాయడానికి మీ విలేకరికి ఏం అడ్డం వచ్చింది? పనసాకుల బుట్టల్లో ఉడికే అంబాజీపేట పొట్టిక్కలు, కంద బచ్చలి కూర, గుమ్మడికాయ దప్పళం, కొత్త బియ్యం వచ్చాక అరిసెలు, పాకుండలు, ఇవేవీ లేవు. పూతరేకులకు మాత్రం పావు పేజీ ఇచ్చారు. సంతోషమే. ఆత్రేయపురం పూతరేకుకు 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ మీరు మెచ్చుకున్నది చాక్లెట్ పూసిన రేకును! బోర్లించిన కుండ మీద గుడ్డతో పిండి నీళ్లు లాగి, పొర తీసే ఆడవాళ్ల చేతిపని గురించి ఒక్క ముక్క లేదు.

సంస్కృతి అన్న భాగంలో కోడిపందేల ఫొటో అరపేజీ. చట్టం నిషేధించిన దాన్ని చూడటానికి రమ్మని పత్రికే పిలుస్తుందా? కనుమనాడు కోనసీమలోని జగ్గన్నతోటలో ప్రభల తీర్థం జరుగుతుంది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రులు, అంటే పదకొండు ఊళ్ల శివుళ్లు, వెదురుతో కట్టి అలంకరించిన ప్రభల మీద వచ్చి ఒక్కచోట కూడతారు. గంగలకుర్రు అగ్రహారం ప్రభను భుజాల మీద మోస్తూ కౌశిక కాలువలో దిగి ఒడ్డెక్కిస్తుంటే చూసేవాళ్లకే ఒళ్లు గగుర్పొడుస్తుంది. 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో ఢిల్లీలో మన శకటం అదే. ఢిల్లీకి తెలిసింది, మీ ఆదివారం సంచికకు తెలియలేదు.

ఊళ్లోకి వస్తే, 1881 డిసెంబరు 11న వీరేశలింగం గారు తొలి వితంతు వివాహం జరిపించింది ఇక్కడే. మీ కథనం వచ్చింది డిసెంబరులోనే, ఆ సంగతి ఒక్క వాక్యంగానైనా రాలేదు. ఆయన కట్టించిన టౌన్‌హాలు ఉంది. 28 ఏళ్లు నిండకముందే కన్నుమూసిన దామెర్ల రామారావు బొమ్మలతో ఆర్ట్ గ్యాలరీ ఉంది. తాళపత్రాలు దాచిన గౌతమీ గ్రంథాలయం ఉంది. ఎండకు ఒళ్లు మండకుండా ఇవన్నీ నడిచి చూడగలిగేది ఈ రెండు మూడు నెలలే. మా అన్నయ్యగారి పిల్లలకు ఇవి చూపించాలని నాకెంత ఉందో! ఎక్కడా దారి చెప్పే బోర్డు లేదు, ఊరి పటం దొరకదు, ఆటోవాళ్లకు ఘాట్లు తప్ప తెలియవు.

అధికారుల సంగతి రాయకుండా ఉండలేను. గోదావరి మీది హేవలాక్ వంతెన 1900లో రైళ్లను మోయడం మొదలుపెట్టి 1997లో సెలవు తీసుకుంది. అప్పటి నుంచీ దాన్ని పర్యాటక కేంద్రం చేస్తామన్న మాట ప్రతి ప్రభుత్వం నోటా వింటున్నాం. మా పిల్లలు స్కూలు దాటి, ఉద్యోగాల్లో చేరి, పెళ్లిళ్లు కూడా చేసుకున్నారు. కార్తీకంలో ఘాట్ల దగ్గర ఆడవాళ్లకు బట్టలు మార్చుకునే గదులు చాలవు, ఉన్నవాటికి గడియలు ఉండవు. అరటి డొప్పల్లో వదలాల్సిన దీపాలను థర్మాకోల్ పళ్లేల్లో అమ్ముతుంటే అడిగే నాథుడు లేడు. మర్నాడు పొద్దున్నే ఆ పళ్లేలన్నీ మెట్లకు కొట్టుకుని ఉంటాయి, మనం మళ్లీ అందులోనే మునుగుతాం. 2027లో పుష్కరాలు. పుష్కరాలొస్తే అన్నీ అవుతాయంటారు. 2015 పుష్కరాల మొదటి రోజు ఘాట్‌లో జరిగిన తొక్కిసలాటను ఈ ఊరు మర్చిపోలేదు. మంచి ఏర్పాటు ఏదైనా పుష్కరాల పేరు చెప్పి పన్నెండేళ్లకోసారి చేయాలా? ప్రతి చలికాలం వచ్చేవాళ్లు మనుషులు కారా?

వీటి మీద అధికారులను నిలదీయాల్సింది మీరు. ఏ ఋతువులో ఏం దొరుకుతుందో కూడా కనుక్కోకుండా రాస్తే, రేపు మీరు అడిగే ప్రశ్నకు వాళ్లెందుకు జవాబు చెబుతారు? చిన్నప్పుడు మా నాన్నగారు మీ పత్రికను గట్టిగా చదివించి మాకు తెలుగు నేర్పారు. అందులో పడితే నిజమే అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. మా అన్నయ్యగారు ఖర్చు పెట్టింది ఆ నమ్మకంతోనే.

భోగి లోపు సవరణ వేయండి. లోపలి పేజీలో మూలన కాదు, ఆ కథనం వచ్చిన ఆదివారం సంచికలోనే, అంతే పెద్ద అక్షరాల్లో. పులస తినాలనుకునేవాళ్లను శ్రావణంలో రమ్మనండి. కనుమకు వచ్చేవాళ్లకు జగ్గన్నతోట దారి చెప్పండి, బస్సులు ఏ వేళకు ఉన్నాయో కనుక్కుని వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రాజమహేంద్రవరం