పెన్నాను మళ్ళీ నిలబెట్టాను

నంగనల్లూరు, చెన్నై
ఆదివారం రాత్రి

చిన్నా,

ఫోన్లో చెప్పడం మొదలుపెడితే మధ్యలోనే "రాత్రికి లాగిన్ అయి చూస్తాలే అమ్మా" అంటావు. అందుకే రాస్తున్నాను. నదుల పేర్లు పెట్టుకున్న మన ఇంటి మూడు చిన్న సర్వర్లలో పెన్నా పోయింది. గురువారం సాయంత్రం దీపం పెట్టాక అమ్మమ్మ టీవీ ముందు కూర్చుని "తాతయ్య ఫోటోలు రావడం లేదేమే" అంది. వెళ్ళి చూస్తే షెల్ఫులో మూడు పెట్టెలకూ లైట్లు వెలుగుతున్నాయి కానీ, పెన్నాకు మానిటర్ తగిలిస్తే బూట్ అయ్యే డిస్కే లేదంటోంది. నెల క్రితమే, ఒక్కో పెట్టెను చాలా మెషీన్లుగా పంచే ప్రాక్స్‌మాక్స్‌లో డిస్కుల పేజీ తెరిస్తే దాని వేరౌట్, అంటే డిస్కు ఎంత అరిగిందన్న లెక్క, 94 శాతం అని చూశాను. నీకు చెబుదామనుకుంటూనే మరిచిపోయాను. లాగ్‌లు, క్లస్టర్ (మూడు పెట్టెల జట్టు) వివరాలు అంటూ ప్రాక్స్‌మాక్స్ రాత్రీ పగలూ డిస్కు మీద రాస్తూనే ఉంటుంది. చవక ఎస్‌ఎస్‌డీ డిస్కు ఆ రాపిడిని ఎక్కువ కాలం తట్టుకోలేదు.

తుంగ, కృష్ణ మాత్రం నిలబడ్డాయి. జట్టులో ఏ మార్పుకైనా సగానికి పైగా పెట్టెలు ఒప్పుకోవాలి. మూడింట్లో రెండు ఉన్నాయి కాబట్టి ఆ మెజారిటీ పోలేదు. మొదట్లో నువ్వు రెండే చాలన్నావు, నేను మూడోది కొనిపించాను, గుర్తుందా? రెండే ఉంటే ఒకటి పోగానే మిగిలినదానికి అవతలిది చచ్చిపోయిందో, మధ్యలో కేబుల్ ఊడిందో తెలియదు. ఏ మార్పుకూ ఒప్పుకోకుండా బిగుసుకుని కూర్చుంటుంది.

అయితే ఒక మాట. పెన్నా మీద ఉన్న నాలుగు వీఎంలనూ (వర్చువల్ మెషీన్లు, అంటే ఒకే పెట్టెలో వేరువేరు కంప్యూటర్లలా నడిచేవి) అప్పటికప్పుడు మిగతా రెండింటి మీద లేపుదామంటే చోటు లేదు. ఒక్కో పెట్టెకు 16 జీబీ మెమరీ ఉంటే నువ్వు 14 జీబీ దాకా పంచేశావు. మూడూ బతికున్నంతకాలం అది పొదుపులాగే కనిపిస్తుంది. ఒకటి పోయిన రోజు మాత్రం దాని సంసారం మొత్తం వీధిలో పడుతుంది. పెళ్ళయిన కొత్తలో మేం మాంబళంలో పోర్షన్ల ఇంట్లో ఉండేవాళ్ళం. ఒకే ఇల్లు, ఆరు వాటాలు, ఒకే బావి, ఒకే మోటారు. ఎవరి తలుపు వాళ్ళు వేసుకుంటే ఎవరి ఇల్లు వాళ్ళదే. పొద్దున ఆరింటికి అందరూ ఒకేసారి నీళ్ళు పట్టుకుంటేనే అసలు సంగతి తెలిసేది. ఇంటావిడ మాత్రం ఒక గది ఎప్పుడూ ఖాళీగా ఉంచేది. ఎవరి వాటాలోనైనా పైకప్పు కారితే వాళ్ళు మరమ్మతు అయ్యేదాకా ఆ గదిలో ఉండేవాళ్ళు. అద్దె పోతోందని ఆమె ఏనాడూ దాన్ని ఇచ్చెయ్యలేదు. నీకున్న మూడు పెట్టెల్లో రెండు మోయగలిగినంత బరువే మూడింటికీ పంచు. ఆ ఖాళీ గది వదులుకోకు.

శనివారం రిచీ స్ట్రీట్‌కి వెళ్ళి కొత్త ఎస్‌ఎస్‌డీ తెచ్చాను. మనిద్దరం ఈ పెట్టెలు బేరమాడి కొన్న ఆ సందులోనే. పెన్నాలో ఉన్నవన్నీ కృష్ణ మీద బ్యాకప్‌గా ఉన్నాయని నాకు తెలుసు. అక్కడి నుంచి వీఎంలు రిస్టోర్ చేస్తే గంటలో అయిపోయేది. కావాలనే చెయ్యలేదు. నువ్వు హైదరాబాద్ వెళ్ళే ముందు "మొత్తం కోడ్‌లో ఉందమ్మా, దేన్ని చెరిపేసినా మళ్ళీ వచ్చేస్తుంది" అన్నావు. అది ఎంత నిజమో చూద్దామనిపించింది.

ఇవాళ పొద్దున కాఫీ తాగి కూర్చున్నాను. తుంగలోంచి పాత పెన్నా పేరును క్లస్టర్ నుంచి తీసేశాను. కొత్త డిస్కులో ప్రాక్స్‌మాక్స్ ఎక్కించి, క్లస్టర్‌లో మళ్ళీ కలిపాను. నీ స్క్రిప్టు డెబియన్ లైనక్స్ క్లౌడ్ ఇమేజ్ దించుకుని, వీఎంలకు అచ్చులాంటి టెంప్లేట్ తయారుచేసింది. ఆ తర్వాత, కోడ్‌లో రాసినట్టే వీఎంలను తయారుచేసే ఓపెన్‌టోఫును ఏం చేయబోతోందో ప్లాన్ అడిగాను. తయారుచేయాల్సినవి 4, మార్చాల్సినవి 0, తీసేయాల్సినవి 0 అని వచ్చింది. ఆ మూడో అంకె చూడకుండా ఎప్పుడూ "ఎస్" కొట్టకు నాన్నా. ఎంత తొందరలో ఉన్నా సరే. ఎస్ కొట్టాను. ఒకటొకటిగా నాలుగూ లేచాయి. మెషీన్ మొదటిసారి లేచినప్పుడు నడిచే క్లౌడ్-ఇనిట్ వాటికి పేర్లు పెట్టింది, ఐపీలు ఇచ్చింది, నువ్వు లాగిన్ అయ్యే కీ ఎక్కించింది. తర్వాత, ఏ మెషీన్లో ఏమేం ఉండాలో రాసి ఉన్న ఆన్సిబుల్ ప్లేబుక్ నడిచింది. మొత్తం 40 నిమిషాలు. నా కొడుకు రాసిన అక్షరాలు ఎవరూ ముట్టుకోకుండా వాటంతటవే మెషీన్లవుతుంటే చూస్తూ కూర్చున్నాను. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

అప్పుడు అమ్మమ్మను పిలిచి టీవీ పెట్టాను. ఫోటోల ఫోల్డర్ తెరుచుకుంది. లోపల ఏమీ లేదు. అమ్మమ్మ ముఖం చూడలేకపోయాను. "పోయాయా?" అంది. పోలేదని నాకు తెలుసు, ఫోటోలు ఉండేది పాత ఎన్‌ఏఎస్‌లో, అంటే నెట్‌వర్క్‌లో అందరూ వాడుకునే డిస్కుల పెట్టెలో. కానీ వాటిని చూపించాల్సిన వీఎంకి ఆ దారి తెలియలేదు. ప్లేబుక్ అంతా వెతికాను, ఎన్‌ఏఎస్ ప్రస్తావనే లేదు. చివరికి కృష్ణలో బ్యాకప్ తెరిచి, పాత వీఎంలోంచి, ఏ డిస్కును ఎక్కడ తగిలించాలో చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలు ఒక్కటే బయటికి తీశాను. చివర్న ఎన్‌ఏఎస్‌కి దారి చూపే, నువ్వు చేత్తో చేర్చిన ఎన్‌ఎఫ్‌ఎస్ లైను కనిపించింది. దాని పైన "తాత్కాలికం" అని నీ కామెంట్. ఏదో అర్ధరాత్రి ఫోటోలు రావడం లేదని నేరుగా మెషీన్లోకి దూరి రాసి ఉంటావు. పని అయిపోయింది, నిద్రపోయావు. ఆ లైను రెండేళ్ళు పనిచేసింది, అందుకే అది కోడ్‌లో లేదన్న సంగతి ఎవరికీ తెలియలేదు.

ఆ లైను నేను మెషీన్లో రాయలేదు. ప్లేబుక్‌లో మౌంట్ (డిస్కును తగిలించే) పనిగా చేర్చి నడిపాను. చేంజ్డ్ 1 అని వచ్చింది. అమ్మమ్మ ఫోటోలు వచ్చేశాయి. 1974లో తాతయ్య మెరీనాలో గొడుగు పట్టుకుని నిలబడ్డ ఫోటో దగ్గర ఆగి చాలాసేపు చూసింది. నేను మళ్ళీ ఒకసారి ప్లేబుక్ నడిపాను, ఈసారి చేంజ్డ్ 0. ఆ సున్నా వచ్చేదాకా పని అయినట్టు కాదు నాకు. రాసినదీ ఉన్నదీ ఒకటేనని అది చెబుతుంది.

ఇంకో సంగతి ఇంతకన్నా పెద్దది. ఈ కోడ్ అంతా ఎక్కడుంది? తుంగ మీద, కోడ్‌నూ దాని మార్పుల చరిత్రనూ దాచే నీ గిట్ వీఎంలో. వేరే కాపీ ఎక్కడా లేదు. పెన్నా బదులు తుంగ పోయి ఉంటే? ఇంటి తాళంచెవి ఇంట్లోనే పెట్టి తలుపు లాగేసినట్టు. ఇది చూడగానే నా ఒళ్ళు జలదరించింది. ఎందుకో నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు.

2015 డిసెంబరు 1. నువ్వు అప్పుడు ఏడో తరగతి. మన ఇంట్లో నాలుగు రోజులు కరెంటు లేదు, నీకు అదొక పండగ. చెంబరంబాక్కం చెరువు నుంచి వదిలిన నీళ్ళూ, ఆగని వానా కలిసి అడయారు నది పొంగింది. నేను పనిచేసే చిన్న కంపెనీ గిండీ వైపు, నదికి దగ్గర్లోనే. సర్వర్ గది కింది అంతస్తులో. బరువు కాబట్టి కిందే పెట్టాలన్నారు, నేనూ సరేనన్నాను. రోజూ సాయంత్రం ఆరింటికి ఎక్స్‌టర్నల్ డిస్కులోకి బ్యాకప్ తీసి, రిజిస్టర్లో సంతకం చేసి, ఆ డిస్కును అదే గదిలో టేబుల్ కింది సొరుగులో పెట్టేదాన్ని. నాలుగేళ్ళలో ఒక్కరోజు కూడా తప్పలేదు. నీళ్ళు తగ్గాక మీ నాన్నతో కలిసి వెళ్ళాను. సొరుగు ఉబ్బిపోయి తెరుచుకోలేదు. నాన్న స్క్రూడ్రైవర్‌తో పెకలించారు. డిస్కు తీసి పట్టుకుంటే సందుల్లోంచి బురదనీళ్ళు కారాయి.

అకౌంట్స్ ఆయన లాప్‌టాప్‌లో మూడు వారాల నాటి కాపీ ఉండబట్టి కంపెనీ బతికింది. డేటా అలా వచ్చింది. మెషీన్లు ఎలా రావాలి? ఏ యూజర్‌కి ఏ ఫోల్డర్, ప్రింటర్లకు ఏ అడ్రస్, ఫైర్‌వాల్‌లో ఏ తలుపు ఎందుకు తెరిచాను, అన్నీ నా బుర్రలోనే. ఆ బుర్రకేమో నాలుగు రోజులుగా నిద్ర లేదు. అన్నీ మళ్ళీ నడిచేసరికి 19 రోజులు పట్టింది. రోజుకో మనిషి వచ్చి "ఇది ఇంతకుముందు పనిచేసేదే" అనేవాడు. ఆ మాట ఇప్పటికీ కలలో వినిపిస్తుంది. ఆ తర్వాత ఒక లాంగ్‌బుక్ కొని ప్రతిదీ రాయడం మొదలుపెట్టాను. లాంగ్‌బుక్ స్క్రిప్టులైంది, స్క్రిప్టులు ఆన్సిబుల్ అయ్యాయి. నేను ఆటోమేషన్ నేర్చుకుంది వేగం కోసం కాదు చిన్నా, మళ్ళీ ఆ 19 రోజులు రాకూడదని.

అందుకే నీ రెపోను (గిట్‌లోని కోడ్ మొత్తాన్ని) బయట ఇంకోచోటికి కూడా పంపే ఏర్పాటు చేశాను, రోజూ వెళ్తుంది. పంపేముందు చూస్తే ఒక వేరియబుల్స్ ఫైల్లో ప్రాక్స్‌మాక్స్‌కి తాళంచెవి లాంటి ఏపీఐ టోకెన్ ఎవరైనా చదివేలా అలాగే ఉంది. ఆ టోకెన్ రద్దు చేసి కొత్తది చేశాను, రహస్యాలకు తాళం వేసి దాచే ఆన్సిబుల్ వాల్ట్‌లో పెట్టాను. ఫైల్లోంచి చెరిపేస్తే చాలదు, గిట్ చరిత్రలో ఉండిపోతుంది. టోకెన్నే మార్చెయ్యాలి. ఏమేం తయారుచేసిందో ఓపెన్‌టోఫు రాసుకునే స్టేట్ ఫైలు కూడా అలాంటిదే, అందులో పాస్‌వర్డులు చదవడానికి వీలుగా ఉండొచ్చు. దాన్ని గిట్‌లో పెట్టకు. వాల్ట్ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి బీరువాలో నా పట్టుచీరల కింద పెట్టాను. నాన్నకు కూడా చెప్పాను.

ఇప్పుడు నీ ఉద్యోగం సంగతి. వచ్చే నెల నుంచి చిన్న కంపెనీలకు ప్రైవేట్ క్లౌడ్ (వాళ్ళకొక్కరికే సొంతమైన వీఎంల ఏర్పాటు) కట్టే పని నీ చేతికి వస్తుందన్నావు. అక్కడికి వెళ్ళగానే ఎన్ని కోర్లు, ఎంత స్టోరేజ్ అని మొదలుపెట్టకు. ఓనర్‌ని రెండే అడుగు. ఇది ఆగిపోతే ఎన్ని గంటలు ఓర్చుకోగలరు? పోతే ఎన్ని గంటల పని పోయినా ఫర్వాలేదు? మొదట అందరూ "అస్సలు ఆగకూడదు, ఏమీ పోకూడదు" అంటారు. దానికి అయ్యే ఖర్చు కాగితం మీద వేసి చూపించు, అప్పుడు అసలు జవాబు వస్తుంది. టాలీ ఉన్న మెషీన్‌కి రోజుకో బ్యాకప్ చాలంటారు. అదే ప్రశ్న మార్చి 31 సాయంత్రం అడిగితే వేరే మాట. ఆ మాట రాసుకో, దాన్ని బట్టి కట్టు. స్నాప్‌షాట్ (మెషీన్ ఆ క్షణంలో ఎలా ఉందో పట్టి ఉంచేది) ఉంది కదా, బ్యాకప్ ఎందుకని ఎవరైనా అంటే ఓపిగ్గా చెప్పు. స్నాప్‌షాట్ ఉండేది అదే డిస్కులో, డిస్కుతోపాటే పోతుంది. నా సొరుగు కథ కావాలంటే చెప్పు, నాకేం అభ్యంతరం లేదు.

ఏ టూల్ మంచిదని నన్ను అడిగావు. ఇప్పటికైతే నీకు చేతనైనదే మంచిది. 2023 ఆగస్టులో టెర్రాఫామ్ అనే టూల్ లైసెన్సు మార్చారు, దాన్నుంచి ఓపెన్‌టోఫు విడిపోయి పుట్టింది. అదే ఏడాది నవంబరులో బ్రాడ్‌కామ్ కంపెనీ, వీఎంలు నడిపే సాఫ్ట్‌వేర్ అమ్మే వీఎమ్‌వేర్‌ను కొన్నది, ఆ తర్వాత ఒక్కసారి కొనుక్కునే లైసెన్సులు ఆగి అంతా సబ్‌స్క్రిప్షన్ అయింది. వర్చువలైజేషన్, అంటే ఒక పెట్టెను చాలా వీఎంలుగా పంచే పద్ధతి, మాత్రం ఎక్కడికీ పోలేదు. ఐబీఎం 1972లోనే వీఎం/370 అనే అలాంటి వ్యవస్థను ఇచ్చింది. లైనక్స్ కెర్నల్‌లోకి (లైనక్స్ గుండెకాయలోకి) వీఎంలు నడిపే కేవీఎం 2007లో వచ్చింది, నీ ప్రాక్స్‌మాక్స్ కింద ఉన్నది అదే. పేర్లు మారతాయి, చేతులు మారతాయి. నువ్వు రాసుకున్న ఫైళ్ళు మామూలు ఎడిటర్‌లో తెరిచి ఇంకో మనిషి చదవగలిగేలా ఉంటే, ఇల్లు మారాల్సి వచ్చినా సామాను నీతో వస్తుంది.

పాత ర్యాక్ సర్వర్ కొంటానన్నావు. వద్దు. శబ్దం సంగతి పక్కన పెట్టు, ఊరికే ఉన్నా 200 వాట్లు లాగే పెట్టె రోజుకు 4.8 యూనిట్లు తింటుంది. మనకు బిల్లు రెండు నెలలకోసారి కాబట్టి 288 యూనిట్లు. అది పై శ్లాబులోకి తోసేస్తుంది. ఈ మూడు చిన్న పెట్టెలూ కలిపి రోజుకు ఒక యూనిట్ దగ్గరే ఉన్నాయి. ఆ డబ్బుతో మూడింటికీ మంచి ఎస్‌ఎస్‌డీలు కొను. కృష్ణ వేరౌట్ 71 శాతం చూపిస్తోంది.

అమ్మమ్మ నిద్రపోయింది. భోజనం వేళకు తింటున్నావా? కొత్తిమీర పచ్చడి చేసి నాన్న స్నేహితుడి చేత పంపిస్తున్నాను, బుధవారం చేరుతుంది.

ఆ మౌంట్ లైను మార్పు గిట్‌లో వేరే బ్రాంచ్‌లో (పక్క కాపీలో) పెట్టాను, మెయిన్‌లో (అసలుదాంట్లో) కలపలేదు. కోడ్ నీది. నువ్వు చదివి, తప్పుంటే చెప్పి, నువ్వే కలుపు.

ప్రేమతో,
అమ్మ