శ్రావణం బ్యాచ్ గుడ్లు ఇచ్చిన అందరికీ

నమస్కారమండీ. శ్రావణంలో మా ఇంట్లోని రెండు పొదుగు మెషీన్లలో మొదటిదానిలో పెట్టిన కోడిగుడ్లలో సగం కూడా పిల్లలు కాలేదు. ఈ సంగతి తణుకు చుట్టుపక్కల ఇప్పటికే నలుగురి నోళ్లలో నానుతోంది. కరెంటు పోయిందని ఒకరు, మీ అసీల్ పందెం కోళ్ల గుడ్లు తీసి నాసిరకం గుడ్లు పెట్టానని ఇంకొకరు అంటున్నారట. ఆ రెండో మాట చెవిన పడ్డాకే ఇది రాయడానికి కూర్చున్నాను. ఏళ్ల తరబడి నన్ను నమ్మి గుడ్లు ఇస్తున్నవాళ్లు మీరు. జరిగింది నా నోటి నుంచే వినండి.

కరెంటు పోలేదు, ఇన్వర్టర్ దివ్యంగా ఉంది. గుడ్లూ మంచివే. ఏడో రోజు లైటు పెట్టి చూస్తే ఎర్రటి నరాలు సాలెగూడులా పాకి కనిపించాయి. పిండం పడని గుడ్లు అప్పుడే తీసేసి, ఎవరివి ఎన్నో ఫోన్ చేసి చెప్పాను కూడా.

21 రోజులు దాటాక కదలిక లేని గుడ్లు పగలగొట్టి చూశాను. లోపల పిల్ల నిండుగా తయారై ఉంది. ఈకలు, గోళ్లు, పెంకు పొడవడానికి ముక్కు కొన మీద ఉండే తెల్లటి మొన, అన్నీ ఉన్నాయి. మెడ ఉబ్బింది, ఒళ్లంతా జిగురు నీళ్లు. గుడ్డు లావుపాటి కొనన గాలి నిండి ఉండే చిన్న గదిని గాలి అర అంటాం, అది రూపాయి బిళ్లంత కూడా లేదు. 18వ రోజుకి అది గుడ్డులో పావు వంతు దాటి ఉండాలి. పెంకు పొడిచే ముందు పిల్ల ఆ అరలోకి ముక్కు పెట్టి మొదటి ఊపిరి తీసుకుంటుంది. అక్కడ చోటు లేక, బయటికి రావలసిన పిల్ల లోపలే మునిగి చచ్చిపోయింది.

గుడ్డు పొదుగులో ఉన్న 18 రోజుల్లో తన బరువులో 12 శాతం దాకా నీటి రూపంలో పోగొట్టుకోవాలి. అందుకే అన్ని రోజులూ తేమ 50, 55 శాతం మధ్య ఉంచి, చివరి మూడు రోజులు మాత్రం 65, 70కి పెంచుతాం. మొదటి రోజుల్లోనే 70 ఉంటే నీరు బయటికి పోదు. మా మెషీన్ డిస్‌ప్లే మీద రోజూ 52 కనిపించింది. లోపల ఉన్నది దాదాపు 70.

ఇప్పుడు మెషీన్‌ను నడిపే సర్క్యూట్ బోర్డు సంగతి. ఆషాఢంలో పిడుగు పడి పాత బోర్డు కాలిపోయింది. మెషీన్ అమ్మినాయన దగ్గరే కొత్తది తెప్పించాను. అదే డబ్బా, అదే స్టిక్కర్, ధరా అదే. పాత బోర్డుకు తేమ చూసేది తెల్లటి సెన్సార్, డీహెచ్‌టీ 22. కొత్తదానికి వైరు చివర నీలం రంగు డీహెచ్‌టీ 11 తగిలించి పంపాడు. దానికంటే చవకదది. రంగు మారిందేమని ఆ రోజే అడిగాను. 'కొత్త మోడల్ మేడమ్, ఇంకా బాగుంటుంది' అన్నాడు. దాని కాగితంలోనే 5 శాతం అటూ ఇటూ చూపిస్తుందని ఉంటుంది. మాకు వచ్చినదాని తేడా 17.

17 అని ఎలా తేలిందంటే, మూత ఉన్న సీసాలో కల్లుప్పు వేసి, ముద్దగా తడిసేలా కాసిని నీళ్లు పోసి, సెన్సార్ ఉప్పుకు తగలకుండా వేలాడదీసి మూత బిగించాను. ఉప్పు కరగకుండా మిగిలి ఉన్నంతసేపూ ఆ సీసాలో గాలి తేమ 75 శాతానికి వచ్చి నిలుస్తుంది. రాత్రంతా ఉంచాను. తెల్లారి చూస్తే డిస్‌ప్లే మీద 58. ఇంట్లో మెషీన్ ఉన్న ప్రతివాళ్లూ చేసుకోదగ్గ పరీక్ష ఇది, ఖర్చు గుప్పెడు ఉప్పు.

ఫొటో తీసి ఆ మెషీన్ అమ్మినాయనకు పంపాను. 'మీ గోదావరి వైపు గాలిలోనే తేమ ఎక్కువండీ' అన్నాడు. అది నాకు తెలియకనా? బయట 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న గాలిని 37.5 డిగ్రీలకు వేడి చేస్తే చుక్క నీరు పోయకుండానే లోపల 52 శాతం ఉంటుంది. వానాకాలంలో మా వైపు ట్రేలో నీళ్లు అక్కర్లేదు. సెన్సార్ సరిగ్గా చూపి ఉంటే పొగమంచు వదిలే మిస్ట్ మేకర్ అసలు తిరిగేదే కాదు. తక్కువ చూపింది కాబట్టి అది పగలూ రాత్రీ నీళ్లు చిమ్మింది. ఇదంతా చెబితే, 'ఇంట్లో ఆడవాళ్లు నడిపే మెషీన్లతో ఇలాంటివి మామూలేనండీ' అని ఫోన్ పెట్టేశాడు.

ఆ ఒక్క మాట లేకపోతే ఈ భాగం రెండు వాక్యాల్లో ముగించేదాన్ని. నా మాట మీద అతని దగ్గర మెషీన్లు కొన్నవాళ్లు మీలోనే ఉన్నారు. నీలం సెన్సార్ వచ్చి ఉంటే ఉప్పు సీసాలో పెట్టి చూడండి.

ఉష్ణోగ్రత మాత్రం తప్పలేదు. దానికి వేరే సెన్సార్ ఉంది. జ్వరం చూసే గాజు థర్మామీటరు గుడ్ల పక్కన పెట్టి సరిచూశాను, 37.5 దగ్గరే ఉంది.

అసలు నాకు నిద్ర పట్టనిది రెండో మెషీన్ గురించి. దానికీ అలాంటి బోర్డే. ఈ సంగతి బయటపడేసరికి దానిలో గుడ్లకు పదో రోజు. నావి కావు, మీవి. డేగ, సేతువ, కాకి నెమలి రంగుల పెట్టల గుడ్లు, మళ్లీ తెమ్మంటే దొరకనివి. వంటింటి కాటా మీద 30 గుడ్ల ట్రే పెట్టి తూచాను. మన నాటు గుడ్లు ట్రేకి 1,350 గ్రాములు ఉంటే రోజుకు 9 గ్రాములు తగ్గాలి. 5 తగ్గుతోంది. మిస్ట్ మేకర్ పీకేసి వదిలేస్తే ఇక మీదట రోజుకు 9 తగ్గుతుంది, కానీ ముందు పది రోజుల బాకీ తీరదు. తీరాలంటే రోజుకు 14 తగ్గాలి. అంటే లోపల తేమ 25 శాతానికి దిగాలి. వానాకాలంలో గోదావరి జిల్లాలో అది ఏసీ గదిలో తప్ప కాదు.

అంత ఎండబెడితే పెంకు కింది పొర తోలులా బిగిసి పిల్ల కదల్లేక చచ్చిపోవచ్చు. ఎండబెట్టకపోతే మొదటి మెషీన్‌లో ఏం జరిగిందో చూశాను. వదిలేసి పోతే సెన్సార్ తప్పు, ఎండబెట్టి పోతే నా తప్పు. మా ఆయన వదిలేయమన్నారు. మీ అందర్నీ అడుగుదామనుకున్నాను, కానీ పది మంది పది రకాలుగా చెబితే మెషీన్ ఒక్కటే కదా. చివరికి మా ఇంటి పిల్లల్ని హాల్లో పడుకోబెట్టి, మెషీన్‌ను పడకగదిలోకి చేర్చి, ఏసీ 24 మీద పెట్టాను. మెషీన్ గాలి రంధ్రాలన్నీ తెరిచాను. ఆ నీలం సెన్సార్‌కు 20 కింద కొలవడం రాదు. డిస్‌ప్లే అక్కడే ఆగిపోయి అలారం ఒకటే అరుపు. స్పీకర్ వైరు కత్తిరించాను. ఆ వారంలో వచ్చినవాళ్లు 20 చూసి, ఇదేం పొదుగని మొహం మీదే అన్నారు. నేను కాటా చూపించాను. నమ్మినట్టు కనిపించలేదు. ఇంకోసారి ఇలా వచ్చినా ఇదే చేస్తాను.

18వ రోజుకి గాలి అర చుట్టూ పెన్సిల్ గీత గీస్తే, చాలా గుడ్లకు ఉండవలసిన చోటే వచ్చింది. చివరి మూడు రోజులు గుడ్లు ఉంచే హ్యాచర్‌లోకి మార్చి తేమ పెంచాను. ఆ మెషీన్ గుడ్లలో ఎక్కువ భాగం లేచాయి. కొన్ని పెంకుకు గంటు పెట్టి ఆగిపోయాయి, బొడ్డు సరిగ్గా మానని పిల్లలూ రెండు మూడు ఉన్నాయి. వాటిని ఎవరికీ అంటగట్టలేదు, నా దగ్గరే ఉంచుకున్నాను.

ఇక లెక్కలు. మొదటి మెషీన్‌లో గుడ్లు పెట్టిన ఎవరి దగ్గరా పొదుగు ఛార్జీ తీసుకోను, ఇచ్చినవాళ్లకు తిరిగి పంపేశాను. గుడ్ల ఖరీదు ఇచ్చే స్తోమత నాకు లేదు. అది బోర్డు పంపినాయన ఇవ్వాలి, ఆయన నా ఫోన్ ఎత్తడం మానేశాడు. పోయిన గుడ్లకు బదులు మా పెరటి పెట్టల పిల్లలు ఇస్తాను. డేగ గుడ్డుకు అది సాటి రాదని నాకూ తెలుసు. వద్దనుకునేవాళ్లు వచ్చే బ్యాచ్‌లో అన్నే గుడ్లు ఉచితంగా పెట్టుకోండి.

తేమకు ఇక ఏ సెన్సార్‌నూ నమ్మను. రెండు గాజు థర్మామీటర్లు పెట్టాను, ఒకదాని కొనకు తడి వత్తి చుట్టి ఉంటుంది. పొడిది 37.5, తడిది 29.5 చూపిస్తే 55 శాతం. తడిది 32కి ఎక్కితే 68, అది చివరి మూడు రోజులకు. వచ్చినప్పుడు మీరే చూసుకోవచ్చు. ప్రతి ట్రే బరువూ పెట్టిన రోజు, ఏడు, పద్నాలుగు, పద్దెనిమిదో రోజున రాసి తలుపుకే అంటిస్తాను. ఛార్జీ పెంచడం లేదు.

కొత్త బ్యాచ్ వినాయక చవితి తర్వాత పెడతాను. వారం దాటిన గుడ్లు, ఫ్రిజ్‌లో పెట్టినవి, నీళ్లతో కడిగినవి తేకండి. సన్న కొన కిందికి ఉండేలా ట్రేలో పెట్టి, గుడ్డు మీద మీ పేరు, కోడి ఆ గుడ్డు పెట్టిన తేదీ పెన్సిల్‌తో రాయండి. స్కెచ్ పెన్ వద్దు. గుడ్లు మార్చానన్న పెద్దమనిషి కూడా తేవచ్చు, ఆయన గుడ్ల మీద రెండు పక్కలా రాయిస్తాను.