గండం గడిచాక కూడా మా గుమ్మం మరవని వాళ్ళకు

ప్రభువు నామంలో అందరికీ వందనాలు.

మొన్న ఆదివారం నాన్నగారు చేతికర్ర సాయంతో నడిచి కూడికకు వచ్చారు. పక్షవాతం తర్వాత రొట్టె విరిచే కూడికలో ఆయన కూర్చోవడం ఇదే మొదలు. పేర్లు రాయొద్దని వాళ్ళే గట్టిగా చెప్పారు కాబట్టి పేర్లు లేకుండానే కృతజ్ఞత చెప్పుకుంటున్నాను.

అర్ధరాత్రి కారు తీసిన తమ్ముడికి, భీమవరం హాస్పిటల్ వరండాలో పడుకుని మాకు తోడున్న యూత్ పిల్లలకి, అడగకుండానే డబ్బు సర్దినవాళ్ళకి, మా గేదెలు చూసుకున్న పక్కింటి పిన్నిగారికి మా ఇల్లంతా రుణపడి ఉంది. ఆ రోజుల్లో ప్రార్థన చేసుకోమని మాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ప్రాణం మీదికొస్తే మోకాళ్ళు వాటంతటవే వంగుతాయి.

నేను ముఖ్యంగా రాయాలనుకున్నది ఆ తర్వాత వచ్చినవాళ్ళ గురించి. డిశ్చార్జి అయ్యాం, టెన్షన్ తగ్గింది, పలకరింపులూ తగ్గాయి. సరిగ్గా అప్పుడే మా సంఘ పెద్దాయన ఒకరు రోజూ సాయంత్రం రావడం మొదలుపెట్టారు. ఆయన ఇరిగేషన్‌లో లస్కరుగా, అంటే కాలవలూ గట్లూ కనిపెట్టుకుని ఉండే ఉద్యోగిగా, చేసి రిటైరైన మనిషి. వస్తూనే గుమ్మంలోంచి "బీపీ మాత్ర వేసుకున్నావా? ప్రార్థన చేసుకున్నావా?" అని నాన్నగారిని రెండూ కలిపే అడిగేవారు. ఇప్పుడు బాగానే ఉన్నారు కదండీ, రోజూ ఎందుకు శ్రమ అంటే ఆయన చెప్పిన మాట ఇది:

"వరద పోటు మీదున్నప్పుడు ఊరంతా టార్చిలైట్లు పట్టుకుని ఏటిగట్టు మీదే ఉంటారమ్మా. ధవళేశ్వరంలో నీళ్ళు తీశాయనగానే ఇంటికెళ్ళి పడుకుంటారు. నానిన గట్టు జారేది అప్పుడే."

గోదారి గట్టు కింద బతికేవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఏరు గబగబా తగ్గిపోతే గట్టులో ఇంకిన నీళ్ళు అంత త్వరగా బయటికి రావు. అప్పటిదాకా ఆనుకుని ఉన్న వరద నీరు పక్కన ఉండదు, తడిసిన మట్టి తన బరువుకే ఏట్లోకి జారుతుంది. 2022 జూలైలో ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు ఇసుక బస్తాలు మోసినవాళ్ళు మన సంఘంలోనే ఎందరో ఉన్నారు. విశ్వాసంలో కూడా నీళ్ళు తీసే రోజులుంటాయని, మా ఇంటికి అవి వచ్చాయని ఆయన మాకంటే ముందే చూశారు.

శనివారం బైబిల్ స్టడీ మా ఇంటికే మార్చి, ప్రకటన గ్రంథం మూడో అధ్యాయం చెప్పిన బ్రదర్‌కి కూడా వందనాలు. "జీవించుచున్నావన్న పేరుమాత్రమున్నది గాని నీవు మృతుడవే" అని ప్రభువు చెప్పించింది ఇప్పటి టర్కీలో ఉండిన సార్దీస్ అనే ఊరి సంఘానికి. ఆ ఊరి కోట నిటారు కొండ మీద ఉండేది. ఫలానా వైపు ఎవరూ ఎక్కలేరని అటు కాపలా పెట్టలేదు. పారసీక రాజు కోరెషు సైన్యం క్రీ.పూ. ఆరో శతాబ్దంలో అటునుంచే ఎక్కింది. మూడు వందల ఏళ్ళ తర్వాత సిరియాను ఏలిన గ్రీకు రాజు మూడో ఆంటియోకస్ సైనికులూ కాపలా లేని గోడ చూసుకునే ఎక్కారు. అలాంటి ఊరివాళ్ళకే "జాగరూకుడవై" ఉండమన్న మాట వెళ్ళింది.

1836లో మిషనరీ గ్రోవ్స్ గారి వెంట ఇంగ్లండ్ నుంచి బయల్దేరిన బౌడెన్, బీర్ దంపతులు నర్సాపురంలో సువార్త పని మొదలుపెట్టారు. అంత పాత సాక్ష్యం ఉన్న నేల మనది. తాతల నుంచి విశ్వాసులం, సండే స్కూల్ చెబుతున్నాం, కానుక తప్పడం లేదు అని మనం నిశ్చింతగా ఉండే వైపే కాపలా లేని వైపని నాకు గట్టిగా అనిపిస్తోంది. యేసు పట్టుబడిన రాత్రి గెత్సేమనే తోటలో కునుకు తీసిన పేతురే తర్వాత తన పత్రికలో "మెలకువగా ఉండుడి" అని రాశాడు. ఆ మాట బరువు ఆయనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు!

ఇంకొక అత్తయ్యగారి గురించి రాయకుండా ఉండలేను. పొద్దున్నే వచ్చి, నాన్నగారి కుడిచేతి చూపుడువేలు పట్టుకుని, పెద్దక్షరాల బైబిల్లో 121వ కీర్తన మీద ఒక్కో మాట దగ్గరా ఆపుతూ నడిపించేవారు. మాట తడబడితే మళ్ళీ మొదటి వచనం. విసుగన్నది ఆవిడ ముఖంలో ఒక్కనాడూ చూడలేదు. ఇప్పుడు నాన్నగారు ఆ వేలితోనే పేజీ తిప్పుకుంటున్నారు.

ఈ శుక్రవారం ఉపవాస కూడిక మా ఇంట్లోనే. సాయంత్రం ముగించి అందరం కలిసి భోంచేద్దాం. ఇంట్లో రోగులున్నవాళ్ళు, ముఖ్యంగా హాస్పిటల్ నుంచి ఈమధ్యే తిరిగొచ్చినవాళ్ళు, ముందుగా ఒక్క మాట చెప్పండి. ఆ పెద్దాయనతో పాటు మీ ఇంటికి రావడానికి ఇకమీదట నేనూ ఉన్నాను.