ఆ పేగుకు దారి ఎలా తెలుసు? ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. విశాఖ తీరంలో ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతున్నాను. కిందటి ఏడాది సీ అర్చిన్ పిండం బొమ్మ బోర్డు మీద వేస్తుంటే రెండో బెంచీలో అబ్బాయి లేచి, "మేడమ్, ఆ పేగు సరిగ్గా అక్కడికే వెళ్లి అతుక్కోవాలని దానికెలా తెలుసు?" అని అడిగాడు. నేను చాక్‌పీసు పక్కన పెట్టేశాను. ఈ లేఖ ఆ ప్రశ్న వల్లే రాస్తున్నాను.

సీ అర్చిన్ అంటే ఒళ్లంతా ముళ్లున్న బంతిలాంటి సముద్ర జీవి. దాని పిండం పారదర్శకంగా ఉంటుంది, మామూలు మైక్రోస్కోపు చాలు. ఫలదీకరణ జరిగిన నిమిషంలోపే గుడ్డు చుట్టూ పొర పైకి లేస్తుంది. ఒకటి రెండు రోజుల్లో కణాలన్నీ బోలు బంతిగా ఏర్పడి, అడుగున ఒకచోట గోడ లోపలికి పోతుంది, గాలి తగ్గిన బెలూన్‌ను వేలితో నొక్కినట్టు. అదే రేపటి పేగు, మా పుస్తకాల్లో ఆర్కెంటెరాన్. దాని కొసనున్న కణాలు సన్నటి పోగులు చాచి, కరెంటు పోయినప్పుడు మనం గోడ తడుముకున్నట్టు ఆ బోలు బంతి పైకప్పు లోపలివైపు తడుముతాయి. ఒకచోట తాకి వదిలేస్తాయి, ఇంకోచోట పట్టు బిగిస్తాయి. పేగు అక్కడికి చేరి అతుక్కుంటుంది, ఆ దగ్గరలోనే నోరు తెరుచుకుంటుంది.

ఆ పట్టులో చక్కెరలకు వాటా ఉంది. కణం పైపొర మీది ప్రోటీన్లకూ కొవ్వులకూ చక్కెర గొలుసులు వేలాడుతుంటాయి. మన రక్తం ఏ గ్రూపా, బీ గ్రూపా అన్నది ఎర్ర కణాల మీది గొలుసు చివరనున్న ఒక్క చక్కెరను బట్టే ఉంటుంది. కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండటానికి కాల్షియమూ కావాలి: కాల్షియం తీసేసిన సముద్రపు నీటిలో సీ అర్చిన్ పిండ కణాలు విడిపోతాయని జర్మన్ శాస్త్రవేత్త కర్ట్ హెర్బ్‌స్ట్ 1900లోనే చూపించాడు. ప్రోటీన్లకు చక్కెర గొలుసులు తగలకుండా అడ్డుపడే ట్యూనికమైసిన్ అనే పదార్థం ఇస్తే పిండం పేగు ఏర్పడే దశ దాటలేదని 1978లో తేలింది.

నన్ను కదిలించింది మాత్రం కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ నార్త్‌రిడ్జ్‌లో స్టీవెన్ ఓపెన్‌హైమర్ లాబ్. అక్కడ పిండాన్ని విప్పి పేగునూ పైకప్పునూ వేరుచేసి, మళ్లీ దగ్గర పెట్టి అతుక్కుంటాయో లేదో చూశారు. నీటిలో ఒక్కో చక్కెర కలిపి పరీక్షించారు. బస్సు కిటికీలోంచి కండువా వేసి సీటు ఆపుకుంటాం కదా, అలాగే నీటిలోని చక్కెర ముందే వెళ్లి కూర్చుంటే అసలు గొలుసుకు చోటు దొరకదు. అప్పుడు పట్టు కుదరకపోతే, ఆ పట్టులో ఆ చక్కెర ఉందన్న ఆధారం దొరుకుతుంది. అన్నం నములుతుంటే మన నోట్లో ఊరే అమైలేజ్ ఉంది కదా, చక్కెర గొలుసుల్ని తెంచే ఆ రకం ఎంజైమ్ వేస్తే కొన్ని పిండాల్లో పేగు లోపలికి పోవాల్సింది బయటికి పెరిగింది. ఆ లాబ్ పరిశోధన పత్రాల్లో డిగ్రీ చదివే పిల్లలు సహ రచయితలు. ఈ మాట మా పిల్లలకు చెప్పినప్పుడు క్లాసు కాసేపు నిశ్శబ్దంగా అయిపోయింది.

మా దగ్గర ఈ పాఠానికి ప్రాక్టికల్ అంటే ఇప్పటికీ పాత స్లైడు, చార్టు చూసి రికార్డులో బొమ్మ వేయడమే. సముద్రం మాత్రం కిటికీ అవతలే ఉంది. విశాఖ రాళ్ల సందుల్లో స్టోమోప్న్యూస్టిస్ వేరియోలారిస్ అనే నల్లటి సీ అర్చిన్ ఉంటుంది. దాన్ని కోయక్కర్లేదు, చంపక్కర్లేదు. కొద్దిగా పొటాషియం క్లోరైడు ద్రావణం ఎక్కిస్తే గుడ్లనో వీర్యాన్నో వదులుతుంది, తర్వాత జీవిని సముద్రంలో వదిలేయొచ్చు. కప్పల్ని కోయడం మానేసిన మాకు ఇంతకంటే మంచి ప్రాక్టికల్ ఏముంటుంది?

డిగ్రీకి ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు, మంచిదే. కానీ జువాలజీ పిల్లలు ఎక్కడికి వెళ్లాలండీ? సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ల కోసం ఊరంతా తిరుగుతున్నారు. వాళ్ల టెన్షన్ రోజూ చూస్తున్నాను.

అందుకే అడుగుతున్నాను. తీరప్రాంత డిగ్రీ కాలేజీలన్నీ కలిసి వాడుకునేలా విశాఖలో ఒక సముద్రపు నీటి లాబ్ పెట్టించండి. గాలి ఆడే ట్యాంకులు, చల్లగా ఉండే గది, పది మైక్రోస్కోపులు, నాలుగైదు రకాల చక్కెరలు చాలు. సీ అర్చిన్లను ఎన్ని, ఎప్పుడు, ఎక్కడ తీసుకోవచ్చో ఆంధ్రా విశ్వవిద్యాలయం నిపుణులతో నియమాలు రాయించండి, తీరం ఖాళీ కాకుండా. అక్కడ చేసిన పనిని ఇంటర్న్‌షిప్‌గా లెక్కించండి.

ఆ అబ్బాయి ఇప్పుడు ఫైనలియర్‌లో ఉన్నాడు. మొన్న కారిడార్‌లో కనిపించి, "మేడమ్, మనం ఎప్పుడైనా చూస్తామా?" అన్నాడు. వాడికి ఏం చెప్పమంటారో రాయండి.

ఇట్లు,
ఒక జువాలజీ అధ్యాపకురాలు
విశాఖపట్నం