మా ఏసీ బటన్ మా చేతిలోనే ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

కరెంటు వాడకం ఎక్కువైన వేళల్లో ఇళ్లలోని ఏసీలను కరెంటు కంపెనీయే దూరం నుంచి రెండు మూడు డిగ్రీలు పెంచే పద్ధతి అమెరికాలో ఉంది. స్మార్ట్ మీటర్లు, వైఫై ఏసీలు మన దగ్గరికీ వస్తున్నాయి కాబట్టి ఈ మాట ఇప్పుడే అనుకోవడం మంచిది.

నేను దీనికి పూర్తిగా వ్యతిరేకిని కాను. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందంటారు. 2020 నుంచి స్టార్ రేటింగ్ ఉన్న కొత్త ఏసీలు 24 డిగ్రీల దగ్గరే మొదలవుతున్నాయి. దానికెవరూ గొడవ చేయలేదు, కావాలంటే తగ్గించుకోవచ్చు కనుక.

2022 ఆగస్టు 30న అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో ఆ వీలే పోయింది. ఎక్సెల్ ఎనర్జీ అనే కరెంటు కంపెనీ దాదాపు 22 వేల ఇళ్ల థర్మోస్టాట్లను (ఏసీ ఎన్ని డిగ్రీల్లో ఉండాలో పెట్టుకునే మీటలను) కొన్ని గంటలు ఎవరూ మార్చకుండా లాక్ చేసేసింది. వాళ్లంతా డబ్బు తీసుకుని ఒప్పుకున్నవాళ్లే. మామూలు రోజుల్లో మార్చుకోగలిగేవాళ్లు, ఆ రోజు మాత్రం అత్యవసరమని బటన్ పనిచేయనివ్వలేదు. కొందరి ఇళ్లలో వేడి 31 డిగ్రీల దాకా పోయిందట. (మే నెలలో మా కడప ఇంట్లో రాత్రి 31 ఉంటే దుప్పటి వెతుక్కుంటాం, అది వేరే సంగతి.)

స్విచ్ కంపెనీ చేతిలో ఉంటే ఎట్లుంటుందో మన రైతులకు తెలుసు. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియక మోటార్లకు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు రాగానే మోటార్లన్నీ ఒక్కసారే లేచి ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోయేవి. ఏసీలదీ అదే దారి. రెండు గంటలు బిగపట్టి వదిలితే, వేడెక్కిన గదులన్నీ ఒకేసారి కరెంటు లాగుతాయి. ఈ లెక్క వేయకుండా పథకం తెస్తే లోడు తగ్గదు, గంట పక్కకు జరుగుతుందంతే.

పైగా అమెరికాలో ఇల్లంతా చల్లబడుతుంది. మాకున్నది ఒకే ఏసీ గది. ఎనభై దాటిన మా అమ్మతో సహా వేసవంతా అందరం అందులోనే సర్దుకుని పడుకుంటాం. ఆ గది సంగతి అర్ధరాత్రి ఎక్కడో ఆఫీసులో తేలితే ఎట్లా?

బిల్లు కట్టనివాళ్ల కరెంటు తీయాలన్నా 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలని 2003 విద్యుత్ చట్టం అంటోంది. సక్రమంగా కట్టేవాళ్ల ఏసీ ముట్టుకునే ముందు కనీసం ఫోనుకు ఒక మెసేజ్ రావద్దా? కొత్త కనెక్షన్ కాగితాల మధ్య ఇరికించి సంతకం తీసుకోకుండా, విడిగా తెలుగులో ఒప్పందం రాయాలి. ఇచ్చే తగ్గింపు బిల్లులో కనబడాలి. 'ఈ పూట వద్దు' అనే బటన్ అత్యవసరంలోనూ పనిచేయాలి. విద్యుత్ నియంత్రణ మండలి ఇప్పుడు మన కర్నూలులోనే ఉంది. ఏ కంపెనీ అయినా ఇలాంటి పథకం పట్టుకొచ్చేలోగా ఈ షరతులను అది నిబంధనల్లో చేర్చాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక వినియోగదారుడు,
ఎర్రముక్కపల్లి, కడప