టీమ్ లీడ్ అయ్యావు కదా, ఇక మాట ఇంకొంచెం చూసుకో

చిన్నా,

ఎలా ఉన్నావురా, అమ్మా నాన్నా బాగున్నారా. బెంగళూరులో కేఆర్ పురం నుంచి వైట్‌ఫీల్డ్‌కి ఇప్పుడు మెట్రోలోనే వెళ్తున్నావంట, అమ్మ చెప్పింది, చాలా సంతోషం, నువ్వు ఆ ట్రాఫిక్‌లో బండి మీద పోతుంటే ఆవిడకి రోజూ టెన్షనే.

మొన్న నువ్వు చెప్పిన విషయం గురించే ఇదంతా రాస్తున్నా, ఫోన్లో అయితే నన్ను సగంలోనే ఆపేస్తావు. కొత్తగా చేరిన ఒంగోలు అబ్బాయిని లంచ్‌లో మీ వాళ్ళు ఇంటిపేరేంటి, ఏ ఊరు, అక్కడ ఫలానా వాళ్ళు తెలుసా అని అడిగారని, అతను సరిగ్గా చెప్పలేదని, అప్పట్నుంచి విడిగా తింటున్నాడని చెప్పి, ఇందులో ఏముందక్కా మన తెలుగోడే కదా అని అడిగారు అన్నావు. వాళ్ళు చెడుగా అనుకుని అడగలేదు, నమ్ముతా. కానీ మన దగ్గర ఇంటిపేరు తర్వాత ఊరు, ఊరి తర్వాత "అయితే మీరేవిట్లు" అనే వరస కులం దాకా ఎలా పోతుందో కొంతమందికి చిన్నప్పట్నుంచీ తెలుసురా, హాస్టల్లో అదే, అద్దెకి ఇల్లు వెతికినా అదే. అడిగినవాళ్ళకి పలకరింపులాగే ఉంటుంది గానీ అతను మాత్రం ఏం చెప్తే రేపట్నుంచి నన్నెలా చూస్తారో అని ఆలోచించుకోవాలి. దానికి తోడు రిజర్వేషన్ సీట్ల మీద జోకులు కూడా ఆ టేబుల్ దగ్గరే వేస్తారన్నావు, అవి అతను విని ఉంటే ఇంక కూర్చోవాలని ఎందుకనిపిస్తుంది?

ఇది అమెరికా వచ్చినా పోలేదు. మా సియాటిల్‌లో 2023 ఫిబ్రవరిలో సిటీ కౌన్సిల్ కులం పేరుతో వివక్ష చూపకూడదని చట్టమే చేసింది, ఇక్కడి సిటీల్లో ఇదే మొదటిది. ఇంత దూరం వచ్చి కూడా మనవాళ్ళ మధ్య అలాంటి చట్టం కావాల్సి వచ్చిందంటే నాకు నిజంగా బాధేసింది.

కాలేజీలో తెలుగువాళ్ళని వెక్కిరించే ఆ "గుల్టీ" మాటతో నిన్ను పిలిస్తే ఎంత ఏడ్చావో నాకు గుర్తుంది, వాళ్ళు కూడా సరదాకే అన్నామన్నారు.

మాటలు మార్చుకోవడం మీ ఫీల్డ్‌కి కొత్త కాదు కదా, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో కాపీ సర్వర్‌కి స్లేవ్ (బానిస) అనే పేరు పోయి రెప్లికా వచ్చింది, మీరు కోడ్ పెట్టుకునే గిట్‌హబ్‌లో 2020 అక్టోబర్ నుంచి కొత్త ప్రాజెక్టుల్లో ముఖ్య బ్రాంచికి మాస్టర్ (యజమాని) బదులు మెయిన్ అనే పేరు వస్తోంది, మీరందరూ నెల తిరక్కుండా అలవాటు పడ్డారు. కమాండ్‌లో మార్చుకున్నవాళ్ళం భోజనం దగ్గర మార్చుకోలేమా?

ఇప్పుడు నువ్వు లీడ్‌వి, అతని రేటింగ్ నువ్వే రాస్తావు, కాబట్టి నువ్వు ఊరికే నవ్వినా అతనికి అది పెద్ద విషయమే. అందరి ముందు సారీ చెప్పి అతన్ని ఇంకా ఇబ్బంది పెట్టకు. మీ వాళ్ళకి మాత్రం విడిగా చెప్పు, ఇంటిపేర్ల సంగతి, ఆ జోకులు రెండూ ఆపమని, గట్టిగానే చెప్పు. అతనితో చేస్తున్న పని గురించి మాట్లాడు, ఏ మాడ్యూల్ ఇష్టమో అడుగు, కాఫీకి వెళ్తూ రమ్మని పిలువు, రానంటే బలవంతపెట్టకు, మళ్ళీ ఇంకో రోజు పిలువు.

నాన్న బీపీ మాత్రలు అయిపోవస్తున్నాయంట, శనివారం లోపు తెచ్చిపెట్టు.

మీ అక్క